పరీక్ష చెయ్యని నూనె

ఆహార పరీక్షశాలలో కల్తీ పట్టే పెద్ద యంత్రం పాడై తొమ్మిది నెలలైంది. బాగు చేయించమని పరీక్షకురాలు తన పై అధికారి చేతుల మీదుగా పై ఆఫీసుకు ఏడు ఉత్తరాలు రాసింది. ఏడింటికీ ఒకటే జవాబు: నిధులు మంజూరు కాగానే తెలియజేస్తాం.

ఆమె పై అధికారిని ఆఫీసులో అందరూ చాటుగా "చూద్దాంగారు" అనేవారు. ఏమడిగినా ఆయన నోట వచ్చే మాట అదొక్కటే. నెలాఖరున పెండింగు జాబితా పంపాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆయనకు ఎక్కడలేని తొందరా పుట్టుకొచ్చేది.

"ఆ మిల్లు నూనె నమూనా ఇంకా తేల్చలేదేంటమ్మా?"

"యంత్రం లేకుండా ఎలా తేల్చమంటారు సార్?"

"రంగు బాగుందిగా? వాసన బాగుందిగా? బాగుందని రాసి పారెయ్. పెండింగు కనబడితే పైవాళ్ళు నా పీక పట్టుకుంటారు."

ఆమె సీసాను కిటికీ వెలుగులో పెట్టి చూసింది. మూత తీసి వాసన చూసింది. మామూలు వంటనూనెలాగే ఉంది. ఇలా సంతకం పెట్టడం ఆమెకు కొత్త కాదు. పోను పోను అలవాటైపోయింది. "తృప్తికరం" అని రాసేసింది.

నెల తిరక్కుండానే బట్టలు కుట్టే కార్ఖానాలో పదకొండు మంది ఆడవాళ్ళకు కాళ్ళు పడిపోయాయి. కార్ఖానా వంటగదిలో వాడింది ఆ మిల్లు నూనే. అందులో యంత్రాలకు వేసే నూనె కలిసిందని వేరే ఊరి పరీక్షశాల తేల్చింది.

విచారణాధికారి ముందు చూద్దాంగారు ఆమె సంతకమున్న కాగితం పెట్టి చేతులు దులుపుకున్నారు. ఉత్తరాలేవీ తన దాకా రాలేదన్నారు. ఆమె ఆఫీసు ముద్ర పడిన నకళ్ళు తీసి బల్ల మీద పెట్టింది. విచారణాధికారి ఏడూ చదివి తలెత్తాడు.

"అంటే యంత్రం పనిచెయ్యదని మీకు బాగా తెలుసన్నమాట. మరి ఏం చూసి సంతకం పెట్టారు?"



ఆమెను సస్పెండ్ చేశారు. చూద్దాంగారికి బదిలీ అయింది. పత్రికలవాళ్ళు వస్తున్నారని తెలియగానే యంత్రం నాలుగు రోజుల్లో బాగైంది.

భర్త వద్దని మొత్తుకున్నా ఆమె ఆసుపత్రికి వెళ్ళింది. కార్ఖానాలో మిషను కుట్టే అమ్మాయి ఒకతె దిండుకు ఆనుకుని కూర్చుంది. పక్కన ఆమె అక్క కాళ్ళు ఒత్తుతోంది.

"ఆ నూనె కాగితం మీద సంతకం పెట్టింది నేనేనమ్మా."

"పరీక్ష చేశారా?" అంది అమ్మాయి.

"లేదు."

అక్క ఇంతెత్తున లేచింది. "ఉండవే అక్కా," అని చెల్లెలు ఆపింది. "అక్క ఒత్తుతోందని కళ్ళతో చూస్తే తప్ప నాకు తెలీదండీ. మీరేడిస్తే నాకేమొస్తుంది? మిల్లువాళ్ళు మీ కాగితమే చూపించి బయటపడాలని చూస్తున్నారట. పరీక్ష చెయ్యలేదని రాసివ్వండి."

అలా ఒప్పుకుంటే జైలుకేనని ఆమె వకీలు ముందే చెప్పాడు. ఆమె కాగితం అడిగి, స్టూలు మీద కూర్చుని రాసింది. యంత్రం సంగతీ, ఉత్తరాల సంగతీ, తన సంగతీ. అక్క రెండుసార్లు చదువుకుని మడిచి దాచింది.

"ఇక వెళ్ళండి," అంది.

ఆ కాగితంతో మిల్లు యజమానికి బెయిలు ఆగింది. వారం లోపే పరీక్షకురాలి ఇంటికీ పోలీసులు వచ్చారు. భర్త గుమ్మంలో నిలబడి వాళ్ళతో వాదిస్తున్నాడు.

"ఊరుకోండి, నేను వెళ్తాను," అని ఆమె చెప్పులు వేసుకుంది.