ఖాళీ గడిలో సున్నా

"కాయితాలు అయినయా? పదింటి బస్సుకు పంపాలె" అని స్నానాల గదిలోంచి కేకేశాడు రామ్మోహన్.

లీలావతి చపాతీ పిండి చేయి కడుక్కుని కలం అందుకుంది. తండాల్లో ఎవరు ఏ పని చేస్తారో రాసే సర్కారు సర్వే ఆమె భర్త రామ్మోహన్‌ది. అతను తెచ్చిన కాగితాల్లో ఇంటికొక అడ్డవరుస. మొగుడు, పెళ్లాం, వానకాలం పని, యాసంగి పని, అన్నీ పక్కపక్కన గడులు. హైదరాబాద్ కంప్యూటర్‌కు అది పనికిరాదట. మనిషికొకటి, కాలానికొకటి చొప్పున వరుసలు విడదీసి కిందికి రాయాలి. ఆ పని లీలావతిది. సంతకం అతనిది. "మా ఇంట్ల కంప్యూటర్ ఉన్నది. జీతమడగది" అని స్నేహితుల ముందు నవ్వేవాడు. ఆమె చాయ్ కప్పులు తీసుకుపోయేది.

ఆడవాళ్ల పేర్ల పక్కన పని గడులన్నీ ఖాళీ. ఎందుకని అడిగితే, "వాళ్లేం చేస్తరు? సున్నా పెట్టు" అన్నాడు. పెట్టింది.

గుమ్మం ముందు కట్టెల మోపు దిగింది. తండా నుంచి గంగి.

"అమ్మా, జర నీళ్లియ్యి. సారు మా పేర్లు రాసిండు గదా, కరువు పని ఇస్తరంట. నా పేరున్నదా?"

ఉంది. పక్కన సున్నాలున్నాయి. లీలావతి చెంబుతో నీళ్లందించింది.

"గంగీ, సారు నిన్నేమడిగిండు?"

"నన్నా?" గంగి నవ్వింది. "మా ఆయన్ని అడిగిండు. నేను చాయ్ కాసిచ్చిన. మిరపతోటకు పోతుంటి, ఆలస్యమైందని మేస్త్రీ తిట్టిండు."

లీలావతి ఆమె ముఖంలోకి చూడలేకపోయింది. ఖాళీ అంటే తెలియదని. సున్నా అంటే అడిగి, లేదని తేల్చుకున్నామని. లెక్కల్లో డిగ్రీ చదివిన తనకు ఆ తేడా తెలుసు. తెలిసే రాసింది, ఎదురు చెబితే పూటంతా మొహం ముడుచుకుంటాడని. అడ్డవరుసలో మొగుడి వెనక నక్కిన ఖాళీ కంటికి ఆనలేదు. విడదీశాక ప్రతి ఆడమనిషీ తన పేరుతో తన వరుసలో నిలబడింది, ఏ పనీ చేయనిదై. అలా నిలబెట్టింది తన చెయ్యే. ఆ చెయ్యి చీరకొంగులో దాచుకోవాలనిపించింది.

బ్లేడు తెచ్చింది. సున్నాలు ఒక్కొక్కటే గీకింది. ఆ చోట 'అడగలేదు' అని రాస్తూ పోయింది.

రామ్మోహన్ తల తుడుచుకుంటూ వచ్చి వంగి చూశాడు. తువ్వాలు ఆగిపోయింది.

"గిదేంది? పై ఆఫీసరు చూస్తే ఏమనుకుంటడు?"

"అడగలేదనుకుంటడు."

"నా నౌకరి తీస్తవా? మళ్ల సున్నాలు పెట్టు."

"పెట్టను. ఇయ్యాల బస్సుకు పోవు ఇవి."

కాగితాలు సంచిలో పెట్టుకుంది. పొయ్యి మీద పెనం కాలుతోంది. దించమని అతనికి చెప్పి చెప్పులేసుకుంది.

"నడువు గంగీ. మిరపతోటల ఇప్పుడు ఎంతమంది ఆడోళ్లున్నరు?"