విజిల్ ఊదనివ్వండర్రా

భూకంపం తర్వాత బడి పరిశీలనకు వచ్చిన అధికారి టెంటు కింద కుర్చీలో సర్దుకుని కూర్చుని, హెడ్‌మిస్ట్రెస్‌ను అడిగాడు.

"మొదటి కుదుపు ఆగాక పిల్లలు బల్లల కింద నుంచి లేచి వరండాలోకి వచ్చారు. మరి మైదానంలోకి ఎందుకు పోలేదండీ?"

విజిల్ కోసం ఆగారు. ఆ బడిలో ఏటా జరిపే భూకంప కసరత్తులో పిల్లలు వరండాలో బారులు తీరేవారు. ముఖ్య అతిథి ఆసీనుడై, ఫొటోగ్రాఫర్ తల ఊపాకే హెడ్‌మిస్ట్రెస్ విజిల్ ఊదేది. ఈలోగా కాలు కదిపిన పిల్లకు గోడకుర్చీ. "మన బడిలో భూమైనా సరే, అతిథిగారు టీ తాగేదాకా ఆగాల్సిందే," అని హెడ్‌మిస్ట్రెస్ కోడలు, అక్కడే రెండో తరగతి టీచరు, నవ్వేది, అత్తగారికి వినబడనంత దూరంలో.

భూమి ఆగలేదు. ఆ రోజు హెడ్‌మిస్ట్రెస్ తన గదిలోంచి నేరుగా గేటు దాటిపోయింది. విజిల్ ఆమె మెడలోనే ఉంది. "అమ్మగారు విజిల్ ఊదనివ్వండర్రా," అంటూ కోడలు చేతులు చాచి పిల్లలను వరండాలోనే ఆపింది. రెండో కుదుపుకు కప్పు అంచు విరిగిపడింది. కోడలి చెయ్యి విరిగింది. అందరూ పిడుగు అని పిలిచే పిల్ల పాదం నుజ్జయింది.

"ఆ పిల్ల లైను తప్పిందట కదా," అన్నాడు అధికారి. "పేరే పిడుగట!"

ఆ మాట పుట్టించినది హెడ్‌మిస్ట్రెసే. అది ఆసుపత్రి దాకా పాకి, కన్నతల్లి చేతనే పిల్లను తిట్టించింది.

చేతికట్టుతో నిలబడిన కోడలు మెల్లగా అంది: "అత్తయ్యా, మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

బడిలో ఆ పిలుపు అదే మొదటిసారి.

"పిల్ల కదల్లేదండీ," అంది హెడ్‌మిస్ట్రెస్, తల వంచుకుని. "లైను తప్పింది నేను. విజిల్ ఊదకుండా పారిపోయాను."

అధికారి ఇబ్బందిగా దగ్గాడు. "ఇప్పుడవన్నీ ఎందుకు మేడమ్! సంకేత వ్యవస్థలో లోపమని రాస్తాం. బడికో కరెంటు సైరన్ ఇప్పిద్దాం."

"ముందు పోయింది కరెంటేనండీ," అంది కోడలు.

"పోనీ, పిల్ల తప్పు లేదనైనా రాయండి," అంది హెడ్‌మిస్ట్రెస్.

"పిల్లల ఊసెందుకు లెండి, లేనిపోని గొడవ," అంటూ ఆయన కారెక్కాడు. ఒక విపత్తు నుంచి ఆ శాఖ నేర్చుకున్నది అంతే.

అత్తాకోడళ్లు అట్నుంచి అటే ఆసుపత్రికి వెళ్లారు. హెడ్‌మిస్ట్రెస్‌ను చూడగానే పిడుగు మంచం మీద నిటారుగా కూర్చుని చేతులు కట్టుకుంది.

"నేను కదల్లేదు టీచర్. మీరు ఊదుతారని చూస్తూనే ఉన్నా."

"నోర్ముయ్యవే, పెద్దవాళ్లతో ఎదురా?" అని తల్లి కసిరింది.

"నిజం చెప్తోందమ్మా. తప్పు నాది. దాని మీదకు నెట్టిందీ నేనే."

తల్లి అలవాటు కొద్దీ లేచి, తాను కూర్చున్న స్టూలును కొంగుతో తుడిచి ముందుకు జరిపింది.

హెడ్‌మిస్ట్రెస్ కూర్చోలేకపోయింది.