పన్నెండో మగ్గం గుంత

రెండో కడవ సగం ఒంపాక రాయమల్లు ఆగాడు. గుంత అడుగున పరిచిన ఇసుక నీళ్లు పీల్చుకునేదాకా నిలబడ్డాడు. తర్వాత మిగిలిన సగం ఒంపాడు. కడవ గోడ పక్కన పెట్టి, మొలలోంచి పొట్లం తీసి, చిటికెడు పసుపు గుంత అంచున వేశాడు. కుడిచేత్తో అంచును తాకి ఆ చెయ్యి కళ్లకద్దుకున్నాడు. అప్పటికి ఉదయం ఆరున్నర. కొత్తవాడ నేత సంఘం షెడ్డులో మిగతా పదకొండు మగ్గాల వాళ్లు ఇంకా రాలేదు.

గుంత మూడడుగుల లోతు. అంచున కూర్చుని కాళ్లు లోపలికి జార్చి తొక్కుడు చెక్కల మీద పాదాలు పెడితే పడుగు దారాలు పొట్ట ముందుకు వస్తాయి. నేలకు జానెడు ఎత్తున గుడ్డ నడుస్తుంది. మిగతా పదకొండు మగ్గాలకు గుంతలు లేవు. అవి సిమెంటు నేల మీద నాలుగు కాళ్ల చట్రాల్లో నిలబడి ఉంటాయి. వాటి ముందు బల్ల వేసుకుని కూర్చోవాలి.

షెడ్డు ఉన్న జాగా ఒకప్పుడు రాయమల్లు తండ్రి ఇల్లు. రాయమల్లు ఆ ఇంట్లోనే పుట్టాడు. పన్నెండో ఏట ఈ గుంతలోకి కాళ్లు జార్చాడు. రజాకార్ల గొడవల ఏడాది తల్లి అతన్ని ఇందులోనే కూర్చోబెట్టి, పైన బల్లలు పరిచి, వాటి మీద ధాన్యం ఆరబోసింది. రెండు పగళ్లు ఒక రాత్రి అట్లా ఉన్నాడు. పంతొమ్మిది వందల యాభై ఏడులో సంఘానికి జాగా ఇచ్చినప్పుడు ఒకటే అడిగాడు, గుంత ఉండనియ్యమని. అప్పటి అధ్యక్షుడు సరేనన్నాడు. ఇది అరవై మూడో సంవత్సరం. ఆ అధ్యక్షుడు లేడు.

సోమవారం నాడు సెక్రటరీ కిషన్ రావు అందరినీ పిలిచి ఒక కాగితం చదివాడు. మే ఇరవైన హైదరాబాదు నుంచి పెద్ద అధికారి వస్తున్నాడు. షెడ్డు నేలంతా ఒక్కతీరుగా ఉండాలి. గురువారం సాయంత్రం మేస్త్రీ వచ్చి పన్నెండో మగ్గం గుంత పూడుస్తాడు. రాయమల్లుకు చట్రం మగ్గం ఇస్తారు.

ఇవాళ గురువారం.

చట్రం మగ్గం ఎట్లా ఉంటుందో రాయమల్లుకు తెలుసు. కిందటి ఎండాకాలం మూడు రోజులు దాని మీద కూర్చున్నాడు. బెత్తెడు నేసేలోపు పోగు తెగేది. మూడు రోజుల్లో ఒక దుప్పటి కూడా దిగలేదు. నాలుగో రోజు అతన్ని రాట్నం ముందు కూర్చోబెట్టి కండెలు చుట్టమన్నారు. కండెలు చుట్టేది ఆడవాళ్లు. వారం చుట్టాడు. ఎనిమిదో రోజు ఎవరినీ అడగకుండా వచ్చి మళ్లీ గుంతలో కూర్చున్నాడు. ఎవరూ లెమ్మనలేదు. గుంత పూడితే మిగిలేది రాట్నమే. యాభై ఎనిమిదేళ్లకు ఇంకో పని నేర్చుకోలేడు.

ఏడింటికి రాజక్క వచ్చి రాట్నం ముందు కూర్చుంది. సంఘం కండెలన్నీ ఆమె చేతి మీదుగానే వస్తాయి. ఆమె వెనకే పక్క మగ్గం వెంకట్రాజం వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి. రాయమల్లును మామా అంటాడు, చుట్టరికం లేదు.

"అయ్యిందా మామా అమ్మవారి తానం? జర మా మగ్గం దిక్కు గూడ సూడమనరాదూ."

"నువ్వు మొక్కితే సూస్తది."

"మొక్కుదామంటే గుంతేది? సిమెంటుకు మొక్కాల్నా?"

"మొక్కరాదూ, సెక్రటరీ సారు ఖుషీ అయితడు," అంది రాజక్క.

వెంకట్రాజం నవ్వాడు. తర్వాత గుంత వైపు చూసి నవ్వు ఆపాడు. "పొద్దుమీకి వస్తరట గద," అన్నాడు.

"వస్తరట," అన్నాడు రాయమల్లు. పడుగు దారాల మధ్యకు నాడె విసిరాడు.

వాళ్లు నేస్తున్నవి సర్కారు దవాఖానకు దుప్పట్లు. అన్నీ తెలుపు, అంచున ఒక ఎర్ర గీత. తొమ్మిది దాటేసరికి రేకుల కప్పు వేడెక్కింది. అప్పటినుంచి పోగులు తెగడం మొదలైంది. మగ్గాలు ఒకటొకటిగా ఆగుతున్నాయి. మనుషులు వంగి, దారం కొసలు వెతికి, వేళ్ల మధ్య పురిపెట్టి అతికి, మళ్లీ నేస్తున్నారు. పన్నెండో మగ్గం ఆగకుండా నడుస్తోంది. ఆ చప్పుడు రోజూ వినేదే కాబట్టి ఎవరూ తల తిప్పలేదు. పాత చెయ్యి అనుకునేవాళ్లు. కొందరు అమ్మవారి చలవ అనుకునేవాళ్లు. రాయమల్లు కూడా అదే అనుకునేవాడు.

పదింటికి సాంబమూర్తి వచ్చాడు. చేనేత శాఖలో టెక్నికల్ అసిస్టెంటు. గుంటూరు వైపు మనిషి, ముప్పై ఏళ్లుంటాయి. పోగులు తెగుతున్నాయని సంఘం రెండు నెలల కింద రాసిన ఉత్తరం మీద వచ్చాడు. నూలు నాసిరకమని సంఘం రాసింది. అతను చిలపలుగా చుట్టి కట్టిన నూలు విప్పి, తూచి, లాగి చూశాడు. నూలులో దోషం కనపడలేదు. అప్పుడు ఒక కాగితం మీద పన్నెండు గళ్లు గీసి, గంటసేపు ఒక్కో మగ్గానికి ఎన్ని పోగులు తెగుతాయో లెక్కపెట్టాడు.

పదకొండు గళ్లలో అంకెలు పద్నాలుగు నుంచి ఇరవై రెండు దాకా పడ్డాయి. పన్నెండో గడిలో రెండు.

సాంబమూర్తి వచ్చి గుంత పక్కన గొంతుకూర్చున్నాడు.

"పెద్దాయనా, మీకు రోజూ ఇంతేనా తెగేది?"

"లెక్కవెట్టలే సారూ. తెగితే అతుకుడే."

"వేరే నూలేమైనా వాడుతున్నారా?"

"రాజక్క ఏదిస్తే గదే."

"అందరికీ ఒక్కటే ఇస్త," అంది రాజక్క అక్కడినుంచే. "నాకేం మ్యానరికమా ఆయనతోని?"

సాంబమూర్తి ఒక గంట మగ్గాలు మార్చుకోమన్నాడు. వెంకట్రాజం గుంతలోకి దిగాడు. రాయమల్లు బల్ల ఎక్కాడు. అతని కుడి భుజం ఎడమ భుజం కంటే రెండు వేళ్లు కిందికి ఉంటుంది. రెండు మోకాళ్ల వెనక, గుంత అంచు ఒత్తుకునే చోట, చర్మం కాయ కాసింది. బల్ల మీద ఆ కాయలు దేనికీ ఆనలేదు. అతను నాడె విసిరాడు. మూడోసారికి పోగు తెగింది. అతికాడు. మళ్లీ తెగింది. గంటలో అతనికి పదహారు తెగాయి. గుంతలో వెంకట్రాజానికి మూడు.

"మామా, అమ్మవారు నన్ను గూడ ఒప్పుకున్నది," అన్నాడు వెంకట్రాజం. ఈసారి ఎవరూ నవ్వలేదు. పది మందీ మగ్గాలు ఆపి చూస్తున్నారు.

సాంబమూర్తి సంచిలోంచి చెక్కకు బిగించిన రెండు గాజు గొట్టాల పరికరం తీశాడు. ఒక గొట్టం కొసకు తడిగుడ్డ చుట్టి ఉంది. దాన్ని తాడుతో గుంతలోకి దింపి పావుగంట ఉంచాడు. తర్వాత వెంకట్రాజం మగ్గం దగ్గర వేలాడదీశాడు. పుస్తకంలో పట్టిక చూసి రాసుకున్నాడు. గుంతలో నూటికి అరవై ఎనిమిది. పైన ఇరవై తొమ్మిది.

"గాలిలో తేమండీ," అన్నాడు. "నూలు ఎండిపోతే పెళుసెక్కి తెగుతుంది. మీ గుంత ఎండనివ్వడం లేదు. దేవతా లేదు, చేతి నేర్పూ లేదు."

"తేమంటే నీళ్లే గద సారూ."

"నీళ్లే."

"నీళ్లు నేనే పోస్తాన గద."

"పొయ్యమని ఎవరు చెప్పారు?"

"మా నాయిన. ఆయినకు వాళ్ల నాయిన."

"ఎందుకని చెప్పారు?"

రాయమల్లు చేతిలో నాడె తిప్పాడు. "పొయ్యమని సెప్పిండు. ఎందుకని నేనడగలే."

సాంబమూర్తి అది కూడా రాసుకున్నాడు. "ఊళ్లో మిల్లుంది కదా, వడికే గదుల్లో గొట్టాలతో నీళ్లు పొగలా చిమ్ముతారు. దానికీ ఇదే కారణం. దానికి యంత్రం, దీనికి కడవ."

ముప్పై ఏళ్లు దాటాక రాయమల్లు ఆ మిల్లులో పద్నాలుగు నెలలు చేశాడు. రోజంతా ఆ పొగలోనే నిలబడేవాడు. "దుమ్ము అణగనీకె అనుకున్న," అన్నాడు.

మధ్యాహ్నం గోడ పక్కన కూర్చుని జొన్న రొట్టె, పచ్చిపులుసు తిన్నాడు. భార్య పోయి ఆరేళ్లు. కూతురు లచ్చవ్వను తొర్రూరు ఇచ్చాడు. రొట్టె అతనే చేసుకుంటాడు. సగం మిగిలితే మూట కట్టాడు. వేడి చేసింది, ఆకలి లేదన్నాడు రాజక్కతో.

మూడింటికి కిషన్ రావు వచ్చాడు. సాంబమూర్తి అంకెలు చూపించాడు. గుంత పూడ్చడం కాదు, మిగతా మగ్గాలకూ తవ్వించాలన్నాడు. కిషన్ రావు కాగితం రెండుసార్లు చదివాడు. చెడ్డవాడు కాదు. ఈ పదకొండు చట్రాలకు సర్కారు డబ్బు తేవడానికి రెండేళ్లు హైదరాబాదు తిరిగాడు.

"రిపోర్టుల రాయుండ్రి, నేనొద్దంటలేను," అన్నాడు. "కానీ పెద్ద సారు లోపలికి రాంగనే గుంతల మనిషి కనవడితే ఏమంటడు? కొత్త మగ్గాలిస్తే ఇంకా గుంతనేనా అంటడు. పదకొండు గుంతలు తవ్విస్తే నన్ను గూడ అండ్లనే పూడుస్తడు."

"అంకెలు చూడండి సార్."

"సూసిన." కిషన్ రావు రాయమల్లు వైపు తిరిగాడు. "సరే. ముసలాయన ఉన్నన్ని దినాలు గుంత ఉంటది. ఇరవై తారీఖు ఒక్కనాడు పైన బల్లలు పరుద్దాం. ఏమంటవ్ రాయమల్లూ?"

"మంచిది సారు."

"మేస్త్రీని వద్దంట మరి."

"మంచిది."

సాంబమూర్తి నాలుగు గంటల బస్సుకు బయల్దేరాడు. వెళ్తూ రాయమల్లు చెయ్యి పట్టుకుని ఊపాడు. అట్లా చెయ్యి ఊపడం రాయమల్లుకు అలవాటు లేదు. ఊపడం అయ్యాక చెయ్యి పంచెకు తుడుచుకుని గుంతలోకి దిగాడు.

"మామా, గెలిస్తివి గద. చాయ్ తాపియ్యవా?" అన్నాడు వెంకట్రాజం.

"రేపు తాపిస్త."

నాలుగున్నరకు పన్నెండో మగ్గం చప్పుడు ఆగింది. పోగు అతుకుతున్నాడనుకున్నాడు వెంకట్రాజం. తన పోగులు రెండు తెగితే అతుక్కున్నాడు. ఇంకో నాలుగు వేళ్ల గుడ్డ నేశాడు. అప్పటికీ చప్పుడు లేకపోతే తల తిప్పి చూశాడు. రాయమల్లు నుదురు మగ్గం దూలానికి ఆనించి ఉన్నాడు. ఎడమ చెయ్యి పడుగు మీద, అరచెయ్యి పైకి తెరిచి ఉంది.

"మామా," అన్నాడు. దిగి వచ్చి భుజం పట్టుకున్నాడు. తర్వాత రాజక్కను పిలిచాడు.

నలుగురు కలిసి పైకి తీశారు. కాళ్లు మోకాళ్ల దాకా చల్లగా ఉన్నాయి. గుంతలో ఉన్నందుకా, ప్రాణం పోయినందుకా తెలియలేదు. పడుగులో ఒక్క పోగు కూడా తెగలేదు.

లచ్చవ్వ మర్నాడు పొద్దున బస్సుకు వచ్చింది. మధ్యాహ్నానికి అన్నీ అయిపోయాయి. సంఘం ఆ రోజు సెలవిచ్చింది.

శనివారం కిషన్ రావు మేస్త్రీ గుండయ్యకు మళ్లీ కబురు పెట్టాడు. గుంత ఉంటదన్న మాట ముసలాయనకు ఇచ్చింది. ఇప్పుడు ఆయన లేడు. సాంబమూర్తి రిపోర్టు ఇంకా రాలేదు. ఎవరూ అడ్డు చెప్పలేదు. రాయమల్లు పోయినప్పటినుంచి ఆ గుంతలో కూర్చుంటానని కూడా ఎవరూ అనలేదు. మనిషి పోయిన చోటు.

రిపోర్టు ఆగస్టులో వచ్చింది. ఎనిమిది పేజీలు. కిషన్ రావు మొదటి పేజీ, చివరి పేజీ చదివి దస్త్రంలో పెట్టాడు. మరుసటి ఎండాకాలం హైదరాబాదు నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. నేత షెడ్ల కిటికీలకు తడి గోనెపట్టాలు కట్టాలని అందులో ఉంది. కట్టారు. పోగులు తెగడం సగానికి తగ్గింది. పై నుంచి చెప్పినవాళ్లకు బుర్ర ఉందని కొత్తగా చేరినవాళ్లు అనుకున్నారు. వెంకట్రాజం రోజూ పొద్దున గోనెపట్టాలు తడిపే పని అడిగి తీసుకున్నాడు.

కానీ ఆ శనివారం గుండయ్య గుంత పూడ్చేముందు అడుగున ఉన్న ఇసుక సిమెంటు మాలు కలపడానికి పనికొస్తుందని తోడాడు. మోకాలి లోతు తోడాక పారకు ఏదో తగిలింది. చేత్తో ఇసుక తీసి చూస్తే కుండ. మూతి పైకి ఉండేలా నిలబెట్టి పాతిపెట్టారు. లోపల కూడా ఇసుకే. పైకి తీస్తే చుట్టూ ఆరు చిల్లులు, వేలు పట్టేటంత. కాల్చకముందే పొడిచిన చిల్లులు. ఒక్కోదాంట్లో నూలు వత్తి బిగించి ఉంది. వత్తులు నల్లబడ్డాయి. రాయమల్లు గాని, అతని తండ్రి గాని ఈ కుండ మాట ఎప్పుడూ చెప్పగా ఎవరూ వినలేదు.

"చిల్లుల కుండ ఎవడు పాతిండే," అన్నాడు గుండయ్య.

రాజక్క రాట్నం ఆపి వచ్చి చూసింది. పుట్టిన పిల్లల మావిని కుండలో పెట్టి ఇంట్లో పాతిపెట్టడం ఆమెకు తెలుసు. "ముట్టకు. మావి కుండ అయి ఉంటది. ఆయిన పుట్టినప్పటిదో, వాళ్ల నాయినదో," అంది.

"మావి కుండకు చిల్లులెందుకుంటయ్ అక్కా?" అన్నాడు వెంకట్రాజం.

"ఏమో. నాకేం ఎరుక. పగలగొట్టకుండ్రి."

గుండయ్య దాన్ని లోపలి ఇసుకతోనే బయటికి తెచ్చి షెడ్డు పడమటి గోడకు ఆనించాడు. సిమెంటు ఆరడానికి మూడు రోజులు పట్టింది. మూడు రోజులూ ఎండ ఆ గోడ మీదే పడింది. నాలుగో రోజు మధ్యాహ్నం కుండలోని ఇసుక నీళ్లు వత్తుల్లోంచి ఊరుతూనే ఉన్నాయి, ఆరు వత్తుల కిందా చెమ్మ మరకలు ఇంకా నల్లగా ఉన్నాయి.