గ్రూన్‌రోడ్ నీళ్ళ క్యాను

నేను ఒక నీళ్ళ క్యానుని. జింకు రేకుతో చేశారు నన్ను. పొడుగాటి మూతి, మూతికి చిల్లుల బిళ్ళ, వంచితే నీళ్ళు వానజల్లు పడినట్టు పడతాయి. జర్మనీలో ఒక చిన్న పట్నంలో రేకుపని చేసే ఆయన నన్ను అతికి, పిడి గట్టిగా లాగి చూసి, "పో, బతికిపో" అన్నాడు. ఎవరింటి పూలతోటకో పోతాననుకున్నా. గ్రూన్‌రోడ్ అనే పల్లెలో, శ్మశానం కుళాయి పక్కన కొక్కేనికి తగిలించారు.

భయపడకండి. అక్కడ సమాధి అంటే ఒక చిన్న పూలమడి. సాయంత్రమైతే ఆడవాళ్ళు వచ్చి, తమవాళ్ళ పూలకి నీళ్ళు పోసి, నన్ను మళ్ళీ కొక్కేనికి తగిలించి పోతారు. ఊరి కబుర్లన్నీ ఆ కుళాయి దగ్గరే. బతికున్నన్నాళ్ళూ మొగుణ్ణి తిట్టిపోసిన ట్రూడెల్, ఆయన పోయాక ఒక్కపూట కూడా నీళ్ళు తప్పించలేదు. మనుషుల ప్రేమ కొంచెం ఆలస్యంగా బయల్దేరుతుంది మరి.

పెద్ద యుద్ధం అయ్యాక, ఇళ్ళూ వాకిళ్ళూ పోగొట్టుకున్నవాళ్ళు తూర్పు నుంచి బళ్ళమీద వచ్చారు. చూస్తుండగానే ఊళ్ళో జనం రెట్టింపయ్యారు. గదికో కుటుంబం. ట్రూడెల్ ఇంటి అటక మీదకి హెడ్విగ్ వచ్చింది. ఇరవై దాటిన పిల్ల, మొగుడు యుద్ధంలో పోయాడు, కడుపుతో ఉంది. ఒకరోజు ఇంట్లోకి నీళ్ళు మోసుకుందామని నన్ను అందుకోబోయింది.

"అది పోయినవాళ్ళకమ్మా. నీకిక్కడ ఎవరున్నారని?" అంది ట్రూడెల్.

హెడ్విగ్ చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఆ చలికాలమే ఆడపిల్ల పుట్టింది. లీజల్ అని పేరు పెట్టుకుంది. అటక మీద పొయ్యి లేదు. పిల్లని రొమ్ముకి కట్టుకుని, ఊపిరి ఆడుతోందా లేదా అని ముక్కు దగ్గర వేలు పెట్టి పెట్టి చూసుకునేదట. మంచు కరక్కముందే పిల్ల పోయింది. శ్మశానం గోడవారగా పూడ్చి, చిన్న చెక్క శిలువ నాటారు.

మంచు కరిగాక ఒక సాయంత్రం ట్రూడెల్ నన్ను నింపి హెడ్విగ్ చేతికిచ్చింది. "ఇంద. ఇప్పుడు నీకూ ఉన్నారు" అంది. అనేసి, తనే ముందు ఏడ్చింది.

పుట్టినచోటే సొంతూరు అంటారు మనుషులు. నేను చూసింది వేరు. ఎక్కడి మట్టికి నీళ్ళు పోయకుండా ఉండలేరో అదే వాళ్ళ ఊరు.

ఏళ్ళు గడిచాయి. ఊరి కింద బొగ్గుందన్నారు. బొగ్గు కావాలంటే ఊరు లేవాలి. కొంత దూరంలో కొత్త ఊరు కట్టారు. ఇళ్ళు, చర్చి, ఆఖరికి సమాధులు కూడా అక్కడికే మారుస్తామన్నారు. "మా ఆయన బతికుండగా పక్కూరికి రమ్మన్నా కదల్లేదు, ఇప్పుడు చూడు" అంది ట్రూడెల్. అందరూ నవ్వారు. హెడ్విగ్ నవ్వలేదు. ఆమెకి ఒక్కటే బెంగ. చెక్క శిలువ ఎప్పుడో పుచ్చిపోయింది, పిల్లని ఇక్కడే వదిలేస్తారేమోనని.

తవ్వేరోజు పొద్దున్నే వచ్చి, నన్ను కొక్కెం మీంచి తీసి పక్కన పెట్టుకుని గోడ దగ్గర కూర్చుంది. పనివాడు మెల్లగా తవ్వాడు. చాలాసేపటికి ఆగాడు.

"ఏమీ లేదమ్మా. పసిపిల్లల ఎముకలు ఇన్నేళ్ళు నిలవవు."

"ఉంది. అక్కడే ఉంది."

"మట్టే ఉందమ్మా."

"అదే."

లేనిదానికి కొత్త శ్మశానంలో చోటివ్వడం కుదరదన్నాడు పక్కనున్న అధికారి. పాపం, ఆయన మర్యాదగానే అన్నాడు. హెడ్విగ్ గుంట అంచున మోకాళ్ళ మీద కూర్చుని, ఆ మట్టిని దోసిళ్ళతో తీసి నాలో నింపుకుంది.

కొత్త ఊళ్ళో రోడ్లన్నీ తిన్నగా ఉన్నాయి. శ్మశానంలో ఆకుపచ్చ ప్లాస్టిక్ క్యాన్లు వచ్చాయి. నేను హెడ్విగ్ ఇంటి కిటికీలో ఉండేదాన్ని. నీళ్ళు మోసిన నాకు ఆమె చెంచాతో నీళ్ళు పోసేది. చలి పెరిగితే నన్ను హీటరు పక్కకి జరిపేది. నాకు చలేముంటుంది, రేకుని. ఆమె జరిపింది నన్ను కాదుగా.

హెడ్విగ్ పోయిననాడు ట్రూడెల్ నడుం వంగిపోయి, రెండు చేతులా నన్ను మోసుకొచ్చింది. శవపేటికని దింపాక తలో గుప్పెడు మట్టి వెయ్యడం అక్కడి ఆచారం. "ఏమిటది?" అన్నాడు చర్చి ఫాదరు.

"పిల్ల" అంది ట్రూడెల్.

ఆయన పక్కకి జరిగి దారిచ్చాడు. ఆమె నన్ను బోర్లించి, అడుగున తట్టి తట్టి, నలుసు మిగలకుండా దులిపింది.

ఇప్పుడు నేను కొత్త ఊరి మ్యూజియంలో ఉన్నాను. మ్యూజియం అంటే ఒక్క గది. నా పైన గోడకి ఒక బోర్డు. యుద్ధానికి ముందు పాత ఊళ్ళో ఎంతమంది, తర్వాత ఎంతమంది, ఊరు లేచిననాడు ఎంతమంది, అన్నీ రాశారు. లీజల్ ఒక లెక్క అయ్యాక పుట్టి, ఇంకో లెక్క రాకముందే పోయింది. ఆ అంకెల్లో ఎక్కడా లేదు. వచ్చినవాళ్ళు బోర్డు చదువుతారు, "చిన్న ఊరే" అనుకుంటారు, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోతారు.