పగటి కాపలా

వీధిలో ఆమెకు ఉష్షక్క అని పేరు. ఎవరు గొంతు పెంచినా, కుర్చీ ఈడ్చినా, తలుపు దబాలున వేసినా మెట్ల మీంచి పెదవి మీద వేలు పెట్టి "ఉష్" అనేది మరి. ఆ పేరు ఆమెకు తెలుసు. తెలిసే మండిపడేది. వాళ్ళకేం, రాత్రంతా గుర్రుపెట్టి లేచే మారాజులు.

ఆమె మొగుడు సీసాల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. గాజు కరిగించే కొలిమి ఆరకూడదు కాబట్టి దాని ముందు రాత్రీ పగలూ మనుషులు ఉండాలి. ఆయన వంతుకు ఎప్పుడూ రాత్రే. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి కదా. ఆయన అన్న కూడా ఆ కొలిమి దగ్గరే రాత్రుళ్ళు గడిపాడు. పగలు పిల్లల గోలలో, కింది వడ్రంగి రంపం మోతలో కళ్ళు మూసి తెరిచి, అదే నిద్రనుకున్నాడు. నడుం లావెక్కింది, బీపీ వచ్చింది, దాని వెనకే షుగరు. ఒకరోజు గుండె ఆగింది. ఫ్యాక్టరీ నుంచి పూలదండ వచ్చింది. ఆ దండ చూసినప్పుడే ఉష్షక్క నిశ్చయించుకుంది, తన మొగుడి నిద్రకు ఎవడు అడ్డమొచ్చినా ఊరుకోకూడదని.

గది ఒకటే, మంచమూ ఒకటే. ఆయన పడుకుంటే ఆమె గుమ్మం బయట పీట వేసుకుని కూర్చునేది. కాలింగ్ బెల్లుకు గుడ్డ చుట్టింది. ఈల వేస్తుందని కుక్కర్ అటకెక్కించింది. వడ్రంగితో తగువేసుకుని రంపం పని సాయంత్రానికి మార్పించింది. ఇక రాత్రి ఆయన కొలిమి ముందుంటే, ఏ కబురొస్తుందోనని ఆమెకు కన్ను అంటుకునేది కాదు.

ఫ్యాక్టరీ ఏటా చేయించే పరీక్షకు ఆయన్ని తనే లాక్కెళ్ళింది. రిపోర్టు చూసి డాక్టరమ్మ అంతా బాగుందంది. అదంతా తన కాపలా చలవేనని ఉష్షక్క గొప్పగా చెప్పుకుంది. చెబుతున్న మనిషి కళ్ళ కింద నలుపు చూసి డాక్టరమ్మ ఆమె చేతికీ బీపీ పట్టీ చుట్టింది. వేలు గుచ్చి రక్తం చుక్క తీసింది. నిద్ర సరిగ్గా పడుతోందా అని అడిగింది.

"పొద్దున రాగానే పడుకుంటారు. మధ్యాహ్నం దాకా కదలనివ్వను."

"నేనడిగింది మీ నిద్ర."

రాత్రుళ్ళు కన్ను అంటుకోదని ఉష్షక్క ఒప్పుకోవాల్సి వచ్చింది. బీపీ, షుగరు రెండూ గీత దాటాయనీ, నిద్ర ఇలాగే కరువైతే మందులు మింగినా అవి లొంగడం కష్టమనీ, చివరికి భారమంతా గుండె మీదే పడుతుందనీ డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. బావగారికీ ఇలాగే మొదలైంది. తను వీధి గుమ్మం కాస్తుంటే దొంగ పెరటి గుమ్మంలోంచి వచ్చి కూర్చున్నాడు.

ఇంటికి రాగానే ఆయన పీట లాక్కుని గుమ్మం బయట కూర్చున్నాడు. ఆమెను పడుకోమన్నాడు. ఎంత అరిచినా లేవలేదు. మంచమెక్కిందే గాని నిద్రేది? లేచి తలుపు తీస్తే, ఆయన గోడకు తల ఆనించి పీట మీదే నిద్రపోతున్నాడు. చీకటి పడితే మళ్ళీ కొలిమి. ఆ ఇంట్లో ఉన్న నిద్ర ఒక్కరికే సరిపోతుందని ఆమెకు అప్పుడర్థమైంది. ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ వడ్రంగి మీద, పిల్లల మీద, ఆఖరికి కాకుల మీద కూడా అరిచింది. అరవాల్సిన చోట మాత్రం నోరెత్తలేదు. అడగందే అమ్మయినా పెట్టదు, ఇక ఫ్యాక్టరీ పెడుతుందా?

ఆయన్ని లేపి వెంటబెట్టుకుని, చెప్పులేసుకుని ఫ్యాక్టరీకి బయల్దేరింది.

పగటి షిఫ్టు ఇమ్మంటే మేనేజరు నవ్వాడు. రాత్రి పనికి ఇంత నమ్మకమైన మనిషి ఇంకొకడు దొరకడన్నాడు. అయినా ఆయన రిపోర్టు బాగానే ఉంది కదా అన్నాడు.

"ఆయనది బాగుండడానికి నాది పాడుచేసుకున్నాను. మా బావగారికి దండ పంపారు. నేను పోతే అదీ పంపరు, నేను మీ ఉద్యోగిని కాదుగా."

చూద్దాంలే అన్నాడు మేనేజరు. చూసేదాకా ఇక్కడే ఉంటానంది ఉష్షక్క. వచ్చినవాళ్ళు కూర్చునే బెంచీ మీద, సంచి తలకింద పెట్టుకుని పడుకుంది. పంతానికి పడుకున్న మనిషి కాసేపట్లో నిజంగానే నిద్రపోయింది. ఎన్నేళ్ళ నిద్రో అది.

ఇదేమైనా సత్రమనుకున్నారా అని మేనేజరు గొంతు పెంచాడు.

ఇన్నేళ్ళలో అతని మాటకు ఎన్నడూ ఎదురు చెప్పని ఆమె మొగుడు, బెంచీ ముందుకొచ్చి పెదవి మీద వేలు పెట్టాడు.

"ఉష్. మా ఆవిడ పడుకుంది. మీరు షిఫ్టు మార్చండి, అప్పుడు లేపుతాను."