రెండో పిల్ల

అక్క ఇంట్లో మరిచిపోయిన క్యారేజీ పట్టుకుని పాస్టరు జూకి వెళ్లాడు. అక్క అక్కడ పక్షుల డాక్టరు. గదిలో టీవీ తెర మీద గద్ద గూడు కనిపిస్తోంది. గూట్లో రెండు పిల్లలు. పెద్దది చిన్నదాని నెత్తి మీద పొడుస్తోంది. తల్లి పక్కనే తాపీగా ఈకలు సవరించుకుంటోంది.

"తల్లి ఆపదేంటక్కా?"

"ఆపదురా. మొదటి గుడ్డు చెడితే అక్కరకొస్తుందని రెండోది పెడుతుంది. మొదటి పిల్ల బాగుందా, రెండోదానికి నూకలు చెల్లినట్టే. లక్షల ఏళ్లుగా ఇదే వరస."

పాస్టరు ఇరకాటంలో పడ్డాడు. ఆ ఆదివారం అతను చెప్పబోయే ప్రసంగం, దేవుడు పిచ్చుకల్ని కూడా కనిపెట్టి చూస్తాడనే!

"మరి చూస్తూ కూర్చుంటావా?"

"కూర్చోవడానికా నాకు జీతం?" అంటూ అక్క గ్లవ్స్ తొడుక్కుని వెళ్లి, నెత్తురోడుతున్న పిల్లను తెచ్చి వెచ్చటి పెట్టెలో పెట్టింది. తమ్ముడి చేతికి ఓ పళ్లెం, పట్టకారు ఇచ్చింది. "నేను గాయం చూస్తా. నువ్వు ముక్కలు పెట్టు."

"ఏం ముక్కలివి?"

"ఎలక పిల్లలవి."

అతని చెయ్యి ఆగిపోయింది. "దీన్ని బతికించడానికి వాటిని..."

"గద్ద గడ్డి తినదురా నాయనా!"

ప్రార్థన చేద్దామంటే ఎవరి పక్షాన చెయ్యాలో తోచలేదు, గద్ద పక్షానా, ఎలక పక్షానా? ఈలోగా పిల్ల ఒళ్లంతా నోరై అరిచింది. అతను ముక్క పెట్టాడు. అది గుటుక్కుమనిపించి మళ్లీ నోరు తెరిచింది.

చేతులు కడుక్కుంటూ అడిగాడు: "రోజూ ఇదంతా చూస్తూ నీకు విశ్వాసం ఎలా నిలుస్తోందక్కా?"

"మొదట్లో దేవుడి మీద ఒళ్లు మండేది. తర్వాత అనిపించింది, ఆయన పుట్టడానికి వేరే మెత్తటి లోకమేం చూసుకోలేదు కదా, ఇందులోకే వచ్చాడు, దెబ్బలు తిన్నాడు. ఒంటి మీద గాయాలున్న దేవుడు కాబట్టే నమ్ముతున్నా. మిగతాది నాకూ అర్థం కాదు."

ఆదివారం పాస్టరు రాసుకున్న ప్రసంగం పక్కనపెట్టి, గూట్లో చూసింది చూసినట్టే చెప్పాడు. ఎలకల సంగతి కూడా దాచలేదు. "ఎందుకిలా అంటే నాకు తెలీదు. ఆయన మాత్రం దూరంగా నిలబడి చూసేవాడు కాదు" అన్నాడు. బయటికొస్తూ ఒక ముసలావిడ చెయ్యి పట్టుకుంది. "ఇవాళ నీ ప్రసంగంలో కునుకు పట్టలేదు బాబూ!"

కొన్ని వారాలకు, పిల్లలకు ఈకలొచ్చాక, పెద్దదాని పొగరు తగ్గింది. అక్క రెండోదాన్ని మళ్లీ గూట్లో వదిలింది. పాస్టరు ఊపిరి బిగబట్టి తెర ముందు నిలబడ్డాడు. తల్లి అటొకసారి, ఇటొకసారి చూసి, కొత్తగా వచ్చినదాని నోట్లోనూ ఒక ముక్క పెట్టింది.

"ఎవరి బిడ్డో కూడా అడగలేదు!" అన్నాడు.

అక్క పకపకా నవ్వింది. అతనికీ నవ్వు ఆగలేదు.