అయిదో మనిషి

జిరాక్స్ షాపు నడిపే ఆయన్ని వీధిలో అందరూ నోటీసు అనేవారు. కాపీలు తియ్యడానికి ఎవరు ఏ కాగితం తెచ్చినా, అద్దె ఒప్పందమైనా విడాకుల అర్జీ అయినా, ఒకసారి చదవకుండా మెషీన్‌లో పెట్టడం ఆయన వల్ల అయ్యేది కాదు. ఆ పాడు అలవాటు వల్లే బ్యాంకు సంగతి ఆయన కంటబడింది.

అదొక ప్రభుత్వ ఉత్తర్వు. పెద్ద పెద్ద బిల్డర్లకు ఎడాపెడా అప్పులిచ్చి మునిగిపోయిన బ్యాంకును ప్రభుత్వం గట్టెక్కిస్తోంది. అందుకు ప్రతి ఊరూ తన వంతు ఇవ్వాలి. ఈ ఊరి వంతు కొత్త మంచినీటి పైపులైను డబ్బు. అభ్యంతరాలుంటే పద్నాలుగో తేదీ పదకొండు గంటలకు మునిసిపల్ ఆఫీసులో జరిగే ప్రజాభిప్రాయ సేకరణకు రావచ్చు. మొదటి అరగంటలో కనీసం అయిదుగురు హాజరు కాకపోతే అభ్యంతరాలు లేనట్టే రాసుకుంటారు.

నోటీసుకు ఒళ్ళు మండిపోయింది. సొంత కాగితం మీద కరపత్రాలు తీసి ఇల్లిల్లూ తిరిగాడు. షాపులో ఫోన్లు చూసుకుంటూ నిలబడ్డ వాళ్ళని వదల్లేదు.

"మన నోటి దగ్గర నీళ్ళు పట్టుకుపోతుంటే మీకు ఆ సినిమా హీరో పెళ్ళి గొడవ కావాల్సొచ్చిందా?" అని దులిపేసేవాడు.

రెండు వందల పన్నెండు సంతకాలైతే పోగయ్యాయి. వస్తామని ఖాయంగా మాటిచ్చింది మాత్రం నలుగురే. నోటీసు వాళ్ళ వదిన, రిటైరైన లైన్‌మన్, వీధి చివరి టైలరమ్మ, రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే ఒకావిడ. ల్యాబు ఆవిడ ఆ పూట జీతం వదులుకుని వస్తానంది. నోటీసుతో కలిపితే సరిగ్గా అయిదుగురు.

పద్నాలుగో తేదీ వదిన ముందే వెళ్ళింది. నోటీసు సంతకాల ఫైలు చంకలో పెట్టుకుని పదింటికి బయలుదేరాడు. నడిస్తే పాతిక నిమిషాల దారి. మధ్యలో ఫర్నిచర్ షాపు దగ్గర రోడ్డంతా జనం. ఏమిటా అని తలెత్తి చూస్తే మూడంతస్తుల మేడ మీద, పిట్టగోడ పక్కన, ఒక ఎద్దు నిలబడి ఉంది. తెల్లవారుజామున తలుపు తీసి ఉంటే మెట్లెక్కి పోయిందట. ఎక్కడం ఎక్కింది గానీ దిగనని మొరాయిస్తోంది. టీవీల వాళ్ళు ఎదురు మేడలెక్కి కెమెరాలు పెట్టారు. క్రేను వచ్చింది.

అయిదు నిమిషాలు చూసి పోదామనుకున్నాడు.

కడుపు కింద పట్టీ వేశారు. పట్టీ జారింది. జనం అయ్యో అన్నారు, నోటీసూ అన్నాడు. పక్కనున్న పాలాయనతో, "అలా కాదండీ, ముందు కళ్ళకి గంతలు కట్టాలి" అన్నాడు. నిజంగానే పైన ఎవరో గోనెపట్టా తెచ్చి కళ్ళకు కట్టారు. తన మాట విన్నట్టే సంబరపడిపోయాడు. ఎద్దు గాల్లోకి లేచి, నాలుగు కాళ్ళూ వేలాడేసుకుని, మెల్లగా తిరుగుతూ దిగింది. కాళ్ళు నేలకి ఆనగానే జనం ఈలలు వేశారు. ఈల రాదు గనక నోటీసు అరిచాడు. ఆ తర్వాత తీరిగ్గా పాలాయన్ని టైమెంతని అడిగాడు.

పన్నెండు కావడానికి పావుగంట తక్కువ.

పరుగెత్తాడు. మునిసిపల్ ఆఫీసు హాల్లో అటెండరు కుర్చీలు ఒకదాని మీదొకటి పేరుస్తున్నాడు. నలుగురూ బయట మెట్ల మీద కూర్చుని ఉన్నారు.

"ఏమైందయ్యా?" అన్నాడు లైన్‌మన్.

"ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయానన్నా. ఆ ఎద్దు కోసం రోడ్డు మూసేశారు. ఒక్క అడుగు ముందుకు పడనిస్తే ఒట్టు."

"పోనీలే, నీ తప్పేముంది. పదకొండున్నర కాగానే రిజిస్టరు మూసేశాడు ఆఫీసరు. అయిదో మనిషి ఏడీ అన్నాడు."

"రిజిస్టర్లో ఒక్క సంతకం తక్కువైంది" అంది ల్యాబు ఆవిడ. "ఎద్దుని చూడ్డానికి వెయ్యి మందున్నారట. ఇక్కడికొక్కడు రాలేకపోయాడు."

"బుద్ధిలేని జనం" అన్నాడు నోటీసు.

ఆ మాట నోరు జారి వచ్చింది కాదు, గట్టిగానే అన్నాడు. వదిన తల తిప్పి ఆయన వంక ఒకసారి చూసి, చెప్పులు వేసుకుంది.

ఇద్దరూ ఇంటికి వచ్చారు. వదిన అన్నం వడ్డించి, ఎదురుగా కూర్చుని అప్పుడంది.

"హాల్లో టీవీ ఉంది. ఆఫీసు వాళ్ళందరూ అదే చూస్తున్నారు. నువ్వు కనిపించావు."

నోటీసు ముద్ద కంచంలో పెట్టేశాడు.

"ఎండ తగలకుండా ఫైలు నెత్తి మీద పెట్టుకున్నావు. నోరు ఇంత తెరుచుకుని అరుస్తున్నావు. మిగతా వాళ్ళు ఆఫీసరుతో వాదించుకుంటున్నారు గనక చూళ్ళేదు. నేను లేచెళ్ళి టీవీకి అడ్డంగా నిలబడ్డాను."

"వదినా..."

"ఎందుకు నిలబడ్డానో నాకే తెలీదు. పరువు నీదో నాదో. తిను, చల్లారిపోతోంది."

ఇన్నాళ్ళూ ఎవరెవరిని ఏమేం అన్నాడో ఒక్కొక్కటే గుర్తొచ్చి చెవులు కాలిపోయాయి. వాళ్ళెవరూ వస్తామని మాటివ్వలేదు. తానిచ్చాడు.

మర్నాడు పేపర్లో ఎద్దు మొదటి పేజీ సగం ఆక్రమించింది. తొమ్మిదో పేజీ అడుగున నాలుగు లైన్లు: బ్యాంకు సాయానికి ఊరి ప్రజల నుంచి అభ్యంతరాలు రాలేదు. నోటీసు షాపు తెరవకుండా లైన్‌మన్ ఇంటికి వెళ్ళాడు. ఆయన పెరట్లో పాత ఫ్యాను విప్పుకుని కూర్చున్నాడు.

"అన్నా, నేను ట్రాఫిక్‌లో ఇరుక్కోలేదు. ఎద్దుని చూస్తూ నిలబడిపోయాను. దారి ఉంది. నేనే రాలేదు."

లైన్‌మన్ స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. కోప్పడితే బాగుండుననిపించింది నోటీసుకి. ఆయన కోప్పడలేదు.

"నీకోసం రెండుసార్లు గేటు దాకా వచ్చి చూశానయ్యా" అన్నాడు. "దారిలో నీకేమన్నా అయిందేమోనని."

నోటీసు అక్కణ్ణించి కదిలాడు. టైలరమ్మకీ, ల్యాబు ఆవిడకీ కూడా వెళ్ళి చెప్పాడు. టైలరమ్మ మిషను ఆపకుండానే విని ఊఁ అంది. ల్యాబు ఆవిడ, "నా పూట జీతం పోయిందండీ" అని లోపలికి వెళ్ళిపోయింది.

అటునుంచటే మునిసిపల్ ఆఫీసుకు పోయి, మళ్ళీ ఒకసారి ప్రజాభిప్రాయ సేకరణ జరపమని అర్జీ పెట్టాడు. గుమాస్తా అది చదివి కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

"సమయానికి రాకపోవడానికి కారణం అన్నచోట ఎద్దుని చూస్తూ ఉండిపోయాను అని రాశారు. ఒంట్లో బాగాలేదని రాసుకోండి. ఇలాంటివి రాస్తే పైన ఒప్పుకోరు."

"ఒంట్లో బాగానే ఉందండి" అన్నాడు నోటీసు.

గుమాస్తా ఏమనుకున్నాడో, ముద్ర వేసి లోపలి ట్రేలో పెట్టాడు.

వారానికి జవాబు వచ్చింది. చూపిన కారణం సమంజసంగా లేనందున అర్జీ తిరస్కరించడమైనది. నోటీసు దాన్ని రెండుసార్లు చదివాడు. కాదనడానికి అందులో ఒక్క ముక్క కూడా దొరకలేదు. నాలుగు కాపీలు తీసి, ఆ నలుగురిలో ఎవరిది వాళ్ళకి ఇచ్చిరావడానికి షాపు మూసి బయలుదేరాడు.